ఇద్దరు నారాయణమూర్తులు

తెలుగువాళ్లకు నారాయణమూర్తులు ఇద్దరు. ఒకరు సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన బెంగళూరు మూర్తిగారు. ఇంకొకరు ఎర్రజెండా చేతబట్టి సినిమాలు తీసే మూర్తిగారు. 2023 అక్టోబర్‌లో ఓ సాయంత్రం 'యువత వారానికి 70 గంటలు పని చేయాలి: నారాయణమూర్తి' అని టీవీలో అడుగున అక్షరాలు పరుగెడుతుంటే మా పక్క ఫ్లాట్ పెద్దాయన చాలాసేపు కోలుకోలేదు. ఆయన ఎల్ఐసీలో రిటైరయ్యారు, యూనియన్ మనిషి. "అదేమిటండీ, 'అర్ధరాత్రి స్వతంత్రం' తీసిన మనిషి ఇలా అయిపోయాడేమిటి?" అని వాపోయారు. ఆ మూర్తి వేరు, ఈ మూర్తి వేరని విడమరిచి చెప్పాక స్థిమితపడి, "ఆయనా! ఆయనైతే అంటాడు లెండి" అని మళ్లీ పేపర్లో తలదూర్చారు.

తమాషా ఏమిటంటే, 70 గంటలు పని చేసే లక్షణాలు ఎర్ర మూర్తిగారిలోనే ఎక్కువ కనిపిస్తాయి. 1986లో 'అర్ధరాత్రి స్వతంత్రం'తో మొదలుపెట్టి ఆయన తీసిన సినిమాల్లో నిర్మాత, దర్శకుడు, హీరో చాలాసార్లు ఆయనే. ఒక మనిషి మూడు కుర్చీల్లో కూర్చుంటే వారానికి ఎన్ని గంటలవుతుందో ఏ హెచ్ఆర్ విభాగమైనా లెక్కగట్టగలదు. కానీ ఆయన సినిమాలో "అందరూ 70 గంటలు పని చేయండ్రా" అన్న డైలాగు ఉంటే గింటే అది భూస్వామి నోట ఉంటుంది. తర్వాతి రీల్లో ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. బెంగళూరు మూర్తిగారి కథలో మాత్రం ఆ తర్వాతి రీలు రాలేదు. వేలంపాట వచ్చింది.

బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2025 నాటికి 35 లక్షలకు చేరింది. పనిగంటల పాటకు అంత ఓపిక లేదు. 70 దగ్గర మొదలైనది 2025 జనవరి కల్లా 90 అయింది. పాట పెంచినవారు లార్సెన్ అండ్ టూబ్రో చైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్. ఆదివారాలు కూడా ఉద్యోగుల చేత పని చేయించలేకపోతున్నందుకు ఆయన విచారం వెలిబుచ్చి, ఇంట్లో కూర్చుని భార్యను ఎంతసేపని చూస్తూ ఉంటారని అడిగారు. 2025 నవంబర్‌లో మూర్తిగారు మళ్లీ వచ్చి చైనావాళ్ల 9-9-6 పద్ధతిని గుర్తు చేశారు. ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా, వారానికి 6 రోజులు. వెరసి 72. ఆ పద్ధతి చట్టవిరుద్ధమని చైనా అత్యున్నత న్యాయస్థానమే 2021లో తేల్చేసింది. చైనా నుంచి మనం దీపావళి సీరియల్ లైట్లు దిగుమతి చేసుకుంటాం, పిల్లల బొమ్మలు దిగుమతి చేసుకుంటాం. తీర్పుల దిగుమతికి ఇంకా లైసెన్సు రాలేదు కాబోలు.

కాస్త కూడికలు, తీసివేతలు చూద్దాం. వారానికి ఉండేవి 168 గంటలు. వాటిని ఏ చైర్మనూ పెంచలేరు. 90 తీసేస్తే 78. రోజుకు 7 గంటల నిద్ర అనుకుంటే ఇంకో 49 పోయి మిగిలేవి 29. అంటే రోజుకు నాలుగు గంటల చిల్లర. ఎల్బీ నగర్ నుంచి గచ్చిబౌలికి రానూపోనూ ప్రయాణం, స్నానం, టిఫిన్, పిల్లాడి స్కూలు డైరీలో సంతకం, గ్యాస్ బుకింగ్ అన్నీ ఆ చిల్లరలోనే సర్దుకోవాలి. మన పాత లెక్కలో జాము అంటే మూడు గంటలు. 90 గంటలను ఏడు రోజులకు పంచితే రోజుకు 12 గంటల 51 నిమిషాలు, నాలుగు జాముల పైచిలుకు. గానుగెద్దుకు కూడా మిట్టమధ్యాహ్నం కాసేపు కాడి దించేవారు.

సుబ్రహ్మణ్యన్ గారి మాట మీద దేశంలో వారం రోజులు హాస్యోత్సవం నడిచింది. తన భార్య అద్భుతమైన మనిషనీ, ఆమెను చూస్తూ ఉండటం తనకిష్టమనీ ఆనంద్ మహీంద్రా చెప్పి మిగతా భర్తలందరినీ ఇరకాటంలో పెట్టారు. మా ఇంట్లోనూ ఆ వార్త చదివారు. "ఎంతసేపు చూస్తారని ఆయన అడుగుతున్నాడు సరే, అసలు ఎప్పుడు చూశారో మీరు చెప్పండి" అంది మా ఆవిడ. నేనేదో చెప్పబోయేలోగా "ఫోన్ కింద పెట్టి చెప్పండి" అని కూడా అంది. చైర్మన్ గారి ఊహలో ఆదివారం నాడు భర్త సోఫాలో, భార్య ఎదురుగా కుర్చీలో, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉంటారు. మధ్యతరగతి ఇళ్లలో జరిగేది అది కాదు. భర్త ఫోన్లో స్కోరు చూస్తుంటాడు. భార్య వంటింట్లో కుక్కర్ విజిళ్లు లెక్కపెడుతుంటుంది. ఆమెను చూడాలన్నా అక్కడికి లేచి వెళ్లాలి. వెళ్తే ఉల్లిపాయలు కోయమంటుంది.

ఉద్యోగం పురుష లక్షణమని మన పెద్దలు ఎప్పుడో తీర్మానించారు. దాన్నిబట్టి స్త్రీ చేసేది ఉద్యోగం కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ఈ తీర్మానానికి అంకెలు సమకూర్చింది. జీతం భత్యం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారట. 88 కూడా తక్కువేమీ కాదని సంతోషించే ముందు ఒక్క మాట. ఆ రోజు ఇంటిపనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ల సగటు ఇది. చెయ్యి పెట్టని మహానుభావులు ఆ లెక్కలో లేరు. వాళ్లను కూడా కలిపితే ఆ 88 ఎక్కడికి దిగుతుందో మీ ఇంటినిబట్టి మీరే ఊహించుకోండి. అంతకుముందు 2019 సర్వేలో ఆడవాళ్లవి 299 నిమిషాలు, మగవాళ్లవి 97. అయిదేళ్లలో చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది, తెలుగు పాటకు ఆస్కార్ వచ్చింది, ఆడవాళ్లకు రోజుకు పది నిమిషాలు కలిసొచ్చాయి. మగవాళ్లు కూడా ఏమీ నష్టపోకుండా తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు. 289 నిమిషాలను ఏడుతో హెచ్చిస్తే వారానికి దాదాపు 34 గంటలు. దీనికి ఆదివారం లేదు, ఇంక్రిమెంటు లేదు, రిటైర్మెంటు లేదు. 70 గంటల ఉద్యోగి 70 గంటలు ఆఫీసులో కూర్చోవాలంటే ఈ 34 గంటలు ఇంట్లో ఎవరో ఒకరు కూర్చోకుండా చేయాలి.

ఈ సంగతి మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమెకు సర్వే లేకుండానే తెలుసు. పాలమూరు జిల్లా నుంచి వచ్చి ఇరవై ఏళ్లయింది. ఈ వీధిలో, వెనక వీధిలో కలిపి ఐదిళ్లు చేస్తుంది. 90 గంటల గొడవ టీవీలో నడుస్తుంటే చీపురు ఆపి అడిగింది.

"ఏమంటున్నడు సారూ ఆ పెద్దసారు?"

"వారానికి తొంభై గంటలు పని చేయాలంటున్నాడమ్మా."

"ఆయన చేస్తడంటనా, చేపిస్తడంటనా?"

రాజనీతి శాస్త్రంలో పీజీ కోసం నేను రెండేళ్లు, నాలుగు సెమిస్టర్ల ఫీజు ఖర్చు పెట్టాను. అధికారం అంటే ఏమిటో, ఎవరు ఎవరి చేత ఎందుకు పని చేయిస్తారో వివరించే లావుపాటి పుస్తకాలు పరీక్షల కోసమైనా చదివాను. ఇంత పొట్టిగా ఎవరూ అడగలేదు. "అందరూ చేయాలంటున్నాడు" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "మంచిగనే ఉంది. మరి అందరు ఆఫీసులనే ఉంటే ఆయనింట్ల గిన్నెలు ఎవలు తోముతరు?" అని మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది.

ఆ రోజు ఆమె గంటలు కాగితం మీద కూడాను. తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తుంది. సొంతింటి పని ముగించుకుని ఆరుకల్లా మొదటి ఇల్లు. ఐదో ఇల్లు అయ్యేసరికి మధ్యాహ్నం రెండు. సాయంత్రం రెండిళ్లలో రెండో విడత. రాత్రికి మళ్లీ సొంత పొయ్యి. ఆదివారం చుట్టాలొచ్చే రోజు కాబట్టి గిన్నెలు ఇంకా ఎక్కువ. మొత్తం 80 దాటింది. సత్యనారాయణ వ్రతాలు, పుట్టినరోజులు ఇందులో కలపలేదు. దేశాభివృద్ధికి ఆమె చేస్తున్న కృషిని ఏ చైర్మనూ మెచ్చుకున్నట్లు లేదు. నెలలో రెండు రోజులు రాకపోతే మాత్రం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సుదీర్ఘ చర్చ జరుగుతుంది. అందులో గట్టిగా మాట్లాడే ఇద్దరు ముగ్గురు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. 70 గంటల మాట మీద అదే గ్రూపులో నిప్పులు చెరిగింది కూడా వాళ్లే.

పనిగంటల మీద ఇంత రభస జరుగుతున్న చోట జనం డబ్బిచ్చి చూసేది మాత్రం పనీపాటా లేని మనుషుల్ని. 1981లో 'ఆకలి రాజ్యం' వచ్చినప్పుడు హీరోకు ఉద్యోగం లేకపోవడమే కథ. ఇప్పుడది హీరో హోదా. పదిమందిని చితక్కొట్టడానికి, విదేశాల్లో పాట పాడటానికి క్యాజువల్ లీవు పెట్టిన హీరోను నేనింతవరకు చూడలేదు. 2019 నాటి 'మహర్షి'లో హీరో అమెరికాలో పెద్ద కంపెనీకి సీఈవో. కానీ స్నేహితుడి ఊరొచ్చి పొలంలో దిగుతాడు. ఆ రోజుల్లో అతని మెయిళ్లకు జవాబులెవరిచ్చారో, క్లయింట్లు ఏమన్నారో దర్శకుడు చెప్పలేదు. సినిమా చూసి వచ్చినవాళ్లు కొందరు శని, ఆదివారాల్లో పొలాలకు వెళ్లి నాట్లేస్తూ ఫొటోలు దిగారు. సోమవారం ఉదయం ఎక్కడివాళ్లు అక్కడే. సోమవారం ఆఫీసు ఎగ్గొట్టడం మనవల్ల కాదు కాబట్టి, మన తరఫున ఎగ్గొట్టేవాణ్ని టికెట్ కొని చూసి వస్తాం.

'పుష్ప' (2021) ఇందులో కొంత మినహాయింపు. అక్కడ హీరో ఎర్రచందనం నరికే కూలీగా మొదలవుతాడు. కూలీ బతుకు సినిమాలో ఎంతోసేపు ఉండదు, రెండో భాగం (2024) నాటికి అతనే యజమాని. గడ్డం కింద చెయ్యి రాసే అతని సైగను ఎన్నికల సభల్లో నాయకులు, మైదానాల్లో క్రికెటర్లు, పెళ్లి ఊరేగింపుల్లో పెళ్లికొడుకులు అనుకరించారు. అప్రైజల్ మీటింగులో మేనేజర్ ముందు అనుకరించినవాడు ఒక్కడైనా ఉంటే అతని ఇంటర్వ్యూ వేయడానికి నేను సిద్ధం.

తెలుగు తెర మీద నిఖార్సయిన ఉద్యోగి ఎవరని అడిగితే నేను కట్టప్ప పేరే చెబుతాను. బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడని 2015 నుంచి 2017 దాకా దేశమంతా తలలు బద్దలుకొట్టుకుంది. ఏ గుమస్తాను అడిగినా చెప్పేవాడు: పైనుంచి ఆర్డరు. కట్టప్పకు సెలవు లేదు. అతని తాతముత్తాతలు సింహాసనానికి ఇచ్చిన మాట మీద అతను పుట్టకముందే అపాయింట్‌మెంట్ ఖరారైంది. కుర్చీలో కూర్చున్నది మంచివాడా, చెడ్డవాడా అన్నది అతని ఉద్యోగ పరిధిలోకి రాదు. చంపిన తర్వాత కూడా అదే డ్యూటీ. ఇలాంటి చాకిరీని తెలంగాణలో వెట్టి అనేవారు. దాని మీద 1940ల్లో పల్లెలకు పల్లెలు తిరగబడ్డాయి. దేశమంతటికీ వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. మాహిష్మతికి ఆ గెజిట్ చేరలేదు. మనమూ ఆ సంగతి పట్టించుకోకుండా అతని విధేయతకు చప్పట్లు కొట్టాం.

తెర వెనక సంగతి వేరు. అక్కడ పని ఉంది, గంటల తగువూ ఉంది. సందీప్ రెడ్డి వంగా దర్శకత్వంలో ప్రభాస్ హీరోగా తలపెట్టిన 'స్పిరిట్' నుంచి దీపికా పదుకొణె తప్పుకున్నారని, రోజుకు 8 గంటలే పని చేస్తానని ఆమె అడగడం అందుకో కారణమని 2025 మేలో వార్తలొచ్చాయి. అప్పటికి ఆమె తల్లయి ఎనిమిది నెలలు. 90 గంటల మాటను జనవరిలో తప్పుబట్టినవారిలో ఆమె కూడా ఉన్నారు. సెప్టెంబర్‌లో 'కల్కి 2898 ఏడీ' రెండో భాగంలో ఆమె ఉండబోరని వైజయంతీ మూవీస్ ప్రకటించింది. అంతటి సినిమాకు అంతటి నిబద్ధత కావాలన్నది ఆ ప్రకటన సారం. గంటల మాట అందులో లేదు, చదివినవాళ్లే కలుపుకున్నారు. మగ సూపర్‌స్టార్లు ఎందరో ఏళ్ల తరబడి 8 గంటలే పని చేస్తున్నా అదెప్పుడూ పతాక శీర్షిక కాలేదని ఆమె అక్టోబర్‌లో అన్నారు. కథ 2898వ సంవత్సరంలో నడిచినా షూటింగ్ మాత్రం మన కాలంలోనే జరగాలి కదా.

ఆమెది కోట్ల వ్యవహారం, ఎన్ని గంటలైనా బేరమాడగలదని మా డెస్కులో ఒకాయన తీసిపారేశాడు. బేరమాడే స్థోమత ఉన్న మనిషికే ఇలా జరిగితే లేనివాళ్ల సంగతేమిటన్నది నా సందేహం. దానికి జవాబు కూడా ఆ ఏడాదే దొరికింది. 2025 ఆగస్టు 4న తెలుగు సినిమా కార్మికులు సమ్మెకు దిగారు. లైట్లు మోసేవాళ్లు, సెట్లు కట్టేవాళ్లు, మేకప్‌వాళ్లు, డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు. 30 శాతం వేతనం పెంచమన్నారు. రోజు కూలీ మీద బతికేవాళ్లకు సమ్మె అంటే రోజులు లెక్కపెట్టుకోవడమే. కృష్ణానగర్ టీ కొట్ల దగ్గర పొద్దున్నే బస్సు కోసం నిలబడేవాళ్లు బస్సు రాదని తెలిసీ నిలబడ్డారు. సమ్మె పదకొండో రోజున, ఆగస్టు 14న, థియేటర్లలో ఓ భారీ సినిమా విడుదలైంది. పేరు 'కూలీ'. రజనీకాంత్ కటౌట్లకు పాలాభిషేకాలు జరిగాయి. ప్రభుత్వం జోక్యం చేసుకున్నాక ఆగస్టు 21న, 18వ రోజున, మూడేళ్లలో దశలవారీగా 22.5 శాతం పెంచేందుకు రాజీ కుదిరింది. ఒక కథానాయిక అడిగిన 8 గంటల మీద నెలల తరబడి చర్చలు పెట్టిన చానళ్లకు ఈ 18 రోజుల్లో ప్రధానంగా కనిపించిన ప్రశ్న ఏ హీరో సినిమా ఆలస్యమవుతుందన్నదే.

ఇంతకూ ఈ 8 గంటలు ఎక్కడివి? అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసుకున్న మొట్టమొదటి ఒప్పందంలో రాసుకున్న అంకె అది: రోజుకు 8, వారానికి 48. బ్రిటిష్ ఇండియాకు మాత్రం అందులోనే మినహాయింపు ఇచ్చి 60 గంటలు చేశారు. అంతకుముందు 1911 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం నేత మిల్లుల్లో మగవాళ్లకు రోజుకు 12 గంటలు. ఆరు రోజులకు ఎంత? 72. చైనా నుంచి తెచ్చుకోమంటున్న ఆధునిక పద్ధతి మనకు ఐదో జార్జి చక్రవర్తి కాలంలోనే ఉందన్నమాట. ఆదివారం సెలవు కూడా ఊరికే రాలేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో బొంబాయి మిల్లు కార్మికులు ఏళ్ల తరబడి అడిగితే 1890 జూన్‌లో యజమానులు ఒప్పుకున్నారు. (ఈయన పేరులోనూ నారాయణుడు ఉన్నాడు. గంటలు తగ్గించిన నారాయణుడు.) వారానికి 54 గంటలున్న పనిని 48కి దించింది 1946 సవరణ, అంబేడ్కర్ వైస్రాయ్ మండలిలో కార్మిక శాఖ చూస్తున్న రోజుల్లో.

అక్కడి నుంచి ఇప్పుడు ప్రయాణం వెనక్కి మొదలైంది. ఫ్యాక్టరీల్లో రోజుకు గరిష్ఠంగా 9 గంటలున్న పనిని 10 చేసేందుకు ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 జూన్‌లో ఆమోదం తెలిపింది. జూలైలో తెలంగాణ ప్రభుత్వం దుకాణాలను మినహాయించి మిగతా వాణిజ్య సంస్థలకు 10 గంటల అనుమతి ఇచ్చింది. నీళ్ల దగ్గర, ఆస్తుల దగ్గర, బిర్యానీ దగ్గర కూడా ఏకాభిప్రాయానికి రాని రెండు రాష్ట్రాలు ఒక్క నెల తేడాతో ఒకే అంకెకు రావడం విభజన తర్వాత అరుదైన ముచ్చట. వారానికి 48 దాటితే ఓవర్‌టైం ఇవ్వాలని తెలంగాణ ఉత్తర్వులో ఉంది. నవంబర్‌లో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల్లోనూ 8, 48 అంకెలు భద్రంగానే ఉన్నాయి. కాగితం మీద అంతా సవ్యమే. ఓవర్‌టైం రిజిస్టర్ ఎవరి బీరువాలో ఉంటుంది, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందన్నది ఫ్యాక్టరీ గేటు బయట నిలబడి అడగాల్సిన ప్రశ్న.

పనిగంటలతో ఆటలాడటం మన ఒక్కరి అలవాటు కాదు. పాకిస్థాన్‌లో 2022 ఏప్రిల్‌లో షెహబాజ్ షరీఫ్ ప్రధాని అవుతూనే ప్రభుత్వోద్యోగులకు శనివారం సెలవు రద్దు చేశారు. కష్టపడితేనే దేశం బాగుపడుతుందన్నారు. జూన్ వచ్చేసరికి ఆఫీసులు తెరిచి ఉంచితే కరెంటు ఖర్చని తెలిసి సెలవు తిరిగి ఇచ్చేశారు. అదే నెలలో శ్రీలంక ప్రభుత్వం శుక్రవారాలు సెలవిచ్చి, ఇంటికెళ్లి కూరగాయలు పండించుకోమని ఉద్యోగులను కోరింది. ఆగస్టులో బంగ్లాదేశ్ కరెంటు ఆదా కోసం ప్రభుత్వ కార్యాలయాల పనిని ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 3 వరకే చేసింది. దక్షిణాసియాలో ఉద్యోగికి సెలవు రావాలంటే కార్మిక ఉద్యమం కంటే విద్యుత్ సంక్షోభం నమ్మదగిన మార్గమని అనిపిస్తుంది.

హైదరాబాద్ ఐటీ ఉద్యోగికి ఆ అదృష్టం కూడా లేదు. అతని కంపెనీకి సొంత జనరేటర్ ఉంటుంది. అతని గృహప్రవేశం ముహూర్తం మాత్రమే పంచాంగం చూసి పెడతారు. మిగతా బతుకంతా కాలిఫోర్నియా గడియారం. రాహుకాలంలో ఇంటినుంచి కదలని తల్లి, రాత్రి పదకొండున్నరకు ల్యాప్‌టాప్ ముందు 'గుడ్ మార్నింగ్' చెబుతున్న కొడుకు ఒకే ఇంట్లో ఉంటారు. వర్జ్యం, దుర్ముహూర్తం రాసే సిద్ధాంతులు ఇకనైనా లాగౌట్ ఘడియలు కూడా రాయాలి. ఇక పత్రికలవాళ్ల సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. నాకు తెలిసిన ఓ పత్రికాఫీసులో ఎనిమిది గంటల పనిదినం ప్రాముఖ్యం మీద మే డే ప్రత్యేక పేజీలు పూర్తయ్యేసరికి రాత్రి రెండయింది. పేజీలు పెట్టిన కుర్రాడు ఆ ఉదయం పది గంటలకు వచ్చినవాడు. మర్నాడు సెలవు కాబట్టి ఫరవాలేదన్నారు పైవాళ్లు. మే డే సెలవే, కానీ మే 2 సంచిక పని మే 1నే చేయాలి కదా అని గుర్తు చేసింది కూడా వాళ్లే.

ఆఫీసు వేళలు ముగిశాక బాస్ ఫోన్ ఎత్తకుండా ఉండే హక్కు ఉద్యోగికి ఉండాలని ఎన్సీపీ ఎంపీ సుప్రియా సూలే 2018 డిసెంబర్‌లో లోక్‌సభలో ఓ ప్రైవేటు బిల్లు పెట్టారు. ఫ్రాన్స్‌లో ఇలాంటి చట్టం 2017 నుంచి ఉంది, ఆస్ట్రేలియాలో 2024లో వచ్చింది. మన దగ్గర ఆ బిల్లు ముందుకు కదల్లేదు. 2025 డిసెంబర్‌లో ఆమె మళ్లీ పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక పార్లమెంటులో చట్టమైన ప్రైవేటు సభ్యుల బిల్లులు మొత్తం 14, వాటిలో చివరిది 1970 నాటిది. మిగతావి ఎందుకు కాలేదంటే రాజనీతి శాస్త్రంలో పెద్ద పెద్ద కారణాలున్నాయి. ఒక చిన్న కారణం కూడా ఉంది. లోక్‌సభలో ఈ బిల్లులకు కేటాయించేది శుక్రవారం చివరి రెండున్నర గంటలు. ఆ సమయానికి సభ్యుల్లో చాలామంది సొంతూరి విమానం కోసం ఎయిర్‌పోర్టులో ఉంటారు.